కటాంజనం అవతల

ఇంగ్లీషు నవలలూ నాటకాలూ చదివే మనవాళ్ళకు తరచు ఎదురయ్యే మాట ‘ఛాన్సెల్’. చర్చిలో బలిపీఠం ఉండే భాగం పేరది. మామూలుగా తూర్పు కొసన, మెట్ల ఎత్తున ఉంటుంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వచ్చి నిలబడేది దాని మెట్ల దగ్గర. శవపేటికను దించేది దాని ముందు. ఊరి పెద్ద కుటుంబాల సమాధి ఫలకాలు దాని గోడలకు ఉంటాయి. ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్ళలోనూ, అనువాదాలు చేసేవాళ్ళలోనూ కొందరు ఈ మాటను ‘గర్భగుడి’ అని తెలుగు చేసి ముందుకు సాగిపోతుంటారు. చదివేవాడికి అర్థమైనట్టే ఉంటుంది. కానీ ఆ అర్థం సగమేననీ, మిగతా సగం జారిపోవడం వల్ల ఒక్కోసారి రచన మొత్తమే మసకబారుతుందనీ నా అభిప్రాయం. ఆ సంగతి నలుగురి ముందూ పెట్టడానికే ఈ వ్యాసం.

నేను బి.కాం. చదివి బ్యాంకు ఉద్యోగంలో చేరినవాణ్ణి. లాటిన్ పండితుణ్ణి కాను. అయినా ఈ మాట పుట్టుక గురించి మాట్లాడే చనువు నా ఉద్యోగమే ఇచ్చింది. ఛాన్సెల్‌కు తోడబుట్టిన మాట ఒకటి రోజుకు పదిసార్లు మా బల్ల మీదికి వస్తుంది. అది ‘క్యాన్సిల్’.

లాటినులో ‘కాంకెల్లి’ అనే మాట ఉంది. అడ్డంగా, నిలువుగా కమ్మీలు అల్లి కట్టిన జాలీ అని అర్థం. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, కటాంజనం. చెరసాలకు లాటినులో ‘కార్కెర్’ అంటారు. కాంకెల్లి కూడా ఆ కుదురు నుంచే వచ్చిందని నిరుక్తకారులు చెబుతారు. ‘కటకటాల వెనక్కి పోయాడు’ అని జైలుకు వెళ్ళినవాణ్ణి గురించి మనమూ అంటాం కనుక ఈ బంధుత్వం మనకు వింతగా తోచదు.

ఈ కటాంజనం నుంచి మాటలు మూడు దారులు పట్టాయి. రాసిన కాగితం చెల్లదని చెప్పడానికి దాని మీద జాలీలాగా గీతలు కొట్టేవారు. అదే క్యాన్సిల్. రోమన్ న్యాయస్థానంలో న్యాయాధికారికీ జనానికీ మధ్య కటాంజనం ఉండేది. దాని దగ్గర నిలబడి ఎవరిని లోపలికి పంపాలో చూసుకునే బంట్రోతు పేరు ‘కాంకెల్లారియుస్’. ఆ బంట్రోతు కాలక్రమంలో రాతకోతల గుమాస్తా అయ్యాడు, ఆ తరువాత రాజముద్రను కాపాడే పెద్ద అధికారి అయ్యాడు. ఈనాటి విశ్వవిద్యాలయాల ఛాన్సలరు, జర్మనీ దేశపు ఛాన్సలరు అతని వారసులే. ఇక మూడోది చర్చి దారి. బలిపీఠం చుట్టూ కట్టిన కటాంజనం పేరే, రానురాను ఆ కటాంజనం లోపలి చోటుకు పేరైపోయింది. అదే ఛాన్సెల్. జర్మన్ భాషలో ఇదే మాట ‘కాన్‌ట్సెల్’గా మారి, ప్రసంగం చేసే ఎత్తైన పీఠానికి పేరయింది.

బ్యాంకువాణ్ణి కనుక ఇంకొక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. బ్రిటన్ ఆర్థికమంత్రిని ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అంటారు. ఎక్స్‌చెకర్ అంటే చదరంగపు గళ్ళు. మధ్యయుగంలో గళ్ళ గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్ళలు పెట్టి రాజుగారి లెక్కలు చూసేవారు. ఇంగ్లీషులో చెక్కు అన్న మాట ఇప్పటి స్పెల్లింగుకు రావడంలోనూ ఆ ఎక్స్‌చెకర్ ప్రభావం ఉంది. అంటే ఆ మంత్రిగారి పదవి పేరులో రెండు మాటలూ అడ్డగీతలూ నిలువుగీతలే. మనం నెలవాయిదాల కోసం ఇచ్చే క్యాన్సిల్డ్ చెక్కులోనూ ఆ రెండు మాటలే పక్కపక్కన నిలబడ్డాయి.

ఇంతవరకు నిరుక్తం. ఇది నిఘంటువు చూసి ఎవరైనా చెప్పగలరు. అసలు సంగతి, కటాంజనం చేసే పని ఏమిటన్నది. గోడ కాలినీ ఆపుతుంది, కంటినీ ఆపుతుంది. గడప రెంటినీ ఆపదు. కటాంజనం కాలిని ఆపి కంటిని పోనిస్తుంది. నువ్వు ఇక్కడే నిలబడు, కానీ అక్కడ జరిగేది నీకు కనబడాలి అంటుంది. ఛాన్సెల్ అన్న మాటలో ఈ రెండు వాక్యాలూ కలిసి ఉన్నాయి. తొలి చర్చిలు కట్టినవాళ్ళ ఉద్దేశమూ అదే. రోము నగరంలో సాన్ క్లెమెంతె అనే చర్చి ఉంది. 12వ శతాబ్దంలో కట్టిన ఆ చర్చిలో, అంతకు ముందున్న చర్చి నుంచి తీసి అమర్చిన 6వ శతాబ్దపు పాలరాతి పలకల కటాంజనం ఇప్పటికీ ఉంది. 533 నుంచి 535 వరకు పోపుగా ఉన్న రెండవ జాన్ ముద్ర దాని మీద చెక్కి ఉంది. మనిషి నిలబడితే పైనుంచి లోపలంతా కనబడేంత ఎత్తే అది.

ఇంగ్లండులో మధ్యయుగం వచ్చేసరికి ఇది చెక్కతో చేసిన ఎత్తైన తడకగా పెరిగింది. కింది భాగం మూసి, రంగులతో సాధువుల బొమ్మలు వేసేవారు. పైభాగం తీగెల అల్లికలాగా తెరిచి ఉండేది. నిలబడ్డవాళ్ళకు సరే, మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళకు బలిపీఠం కనబడేది కాదు. అందుకని కొన్ని చర్చిల్లో ఆ కింది పలకలకు చిన్న చిన్న కంతలు పెట్టారు. ఆ కంతలు ఇప్పటికీ ఉన్నాయి. కటాంజనం ఉన్నది చూడటానికేనని ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి? తరువాత మతసంస్కరణలు వచ్చాయి. చాలాచోట్ల తడకలు పోయి, మోకాలెత్తు కమ్మీలు మిగిలాయి. 1636లో నార్విచ్ బిషప్ మాథ్యూ రెన్ ఆ కమ్మీలు కుక్క దూరలేనంత దగ్గరగా ఉండాలని ఆజ్ఞ ఇచ్చాడు. కటాంజనానికి పట్టిన గతి అది. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ తరువాత కథోలిక చర్చిల్లో చాలాచోట్ల ఆ పొట్టి కమ్మీలనూ తీసేశారు. జాలీ పోయింది, మాట మాత్రం మిగిలింది.

మిగిలిన మాట వట్టి మాట కూడా కాదు. ఇంగ్లండు ఊరి చర్చిలో జనం కూర్చునే భాగం ‘నేవ్’. లాటిన్ ‘నావిస్’ నుంచి వచ్చింది, మన ‘నావ’కు చుట్టం. పాత ధర్మం ప్రకారం నావ మరమ్మతు ఖర్చు ఊరివాళ్ళది, ఛాన్సెల్ మరమ్మతు ఖర్చు ఆ ఊరి దశమభాగాలు తీసుకునే రెక్టరుది. 1536–40 మధ్య ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దు చేసి వాటి భూములు అమ్మినప్పుడు, ఆ భూములతోపాటు ఈ బాధ్యత కూడా మామూలు గృహస్థుల చేతికి వచ్చింది. 2003లో వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో గ్రామం కేసులో ప్రభువుల సభ, పొలం యజమానులు ఛాన్సెల్ మరమ్మతు ఖర్చు ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పింది. అప్పుకు హామీగా వచ్చిన దస్తావేజులు తిరగేసి, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు ముప్పై ఏళ్ళకు అడిగే మావంటివాళ్ళకు ఇది చదివితే గుండె గుభేలుమంటుంది. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి భారం! చివరకు 2013 అక్టోబరు 13 తరువాత భూమి కొన్నవాళ్ళకు, రిజిస్టరులో నమోదు కాని ఈ బాధ్యత వర్తించదని చట్టం సర్దింది. ఒక మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే డబ్బు పోతుందని దీనివల్ల తెలుస్తుంది. సాహిత్యంలో అయితే అర్థం పోతుంది.

ఇక తెలుగు మాటలు చూద్దాం. ‘గర్భగుడి’లో చీకటి ఉంది. చుట్టూ మూడు గోడలు, ఒకే వాకిలి, కిటికీ లేదు. ఆ చీకటిలో ఒక్క దీపపు వెలుగులో దేవుడు కనబడటమే దాని మహిమ. ఛాన్సెల్‌కు తూర్పు గోడ నిండా రంగుటద్దాల కిటికీ ఉంటుంది. 1924లో పూర్తయిన మెదక్ కెథెడ్రల్‌ను చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణ దృశ్యంలోంచి వెలుగు వచ్చి పడుతుంది. దాన్ని గర్భం అనడం ఎలా?

‘బలిపీఠం’ అనవచ్చునా? అది ఛాన్సెల్‌లోని వస్తువు, ఛాన్సెల్ కాదు. పైగా ఇక్కడ ఒక చిత్రం ఉంది. మన దేవాలయంలో బలిపీఠం ధ్వజస్తంభం దగ్గర, గర్భగుడికి బాగా వెలుపల ఉంటుంది. చర్చిలో అన్నిటికంటె లోపల ఉంటుంది. ఒకే మాట, రెండు గుళ్ళలో రెండు కొసల నిలబడింది. కేరళలో సిరియన్ క్రైస్తవులు ఆ లోపలి చోటునే ‘మద్‌బహా’ అంటారు. సిరియాక్ భాషలో బలి ఇచ్చే చోటు అని అర్థం. వాళ్ళు దాని ముందు కటాంజనం కాక తెర కడతారు, పూజలో ఆ తెర తీస్తారు, వేస్తారు. తెలుగు బైబిలులోని ‘అడ్డతెర’ అనే మాట అక్కడ అచ్చంగా సరిపోతుంది. ‘పరిశుద్ధస్థలము’, ‘అతిపరిశుద్ధస్థలము’ అనే బైబిలు మాటలు యెరూషలేము దేవాలయానికి సంబంధించినవి. అతిపరిశుద్ధస్థలములోకి ప్రధానయాజకుడు ఏడాదికి ఒక్కరోజు వెళ్ళేవాడు, బయటివాళ్ళకు ఏమీ కనబడేది కాదు. కనుక అదీ ఛాన్సెల్ కాదు. ‘వేదిక’ అంటే ఎత్తు వచ్చింది గాని అడ్డు రాలేదు. సభావేదిక మీదికి ఎవరైనా ఎక్కవచ్చు.

దేవాలయ శాస్త్రంలో ‘అంతరాలయం’ అనే మాట ఉంది. గర్భగుడికీ మండపానికీ నడుమ భాగం. చోటు వరసలో అది దగ్గరగా వస్తుంది, కానీ అందులోనూ జాలీ లేదు. మన ‘గుడి’ అనే మాట మాత్రం కొంత ఆలోచింపజేస్తుంది. చంద్రుడి చుట్టూ వలయం కనబడితే వరదగుడి కట్టిందంటాం. అక్షరం నెత్తిన చుట్టే గుర్తుకు కూడా గుడి అనే పేరు. చుట్టుకుని వేరు చేయడం అన్న భావం ఆ చిన్న మాటలో ఉంది. వేరు చేసినా చంద్రుణ్ణి దాచదు.

జాలీ కోసం వెతుక్కుంటే అది మన పొరుగునే దొరుకుతుంది. ఈ పత్రిక చదివే కర్ణాటకంలోని తెలుగువాళ్ళకు ఉడుపి కొత్త కాదు. అక్కడి కృష్ణుణ్ణి వాకిట్లోంచి కాక, వెండి తొడిగిన తొమ్మిది కంతల కిటికీలోంచి చూస్తారు. దాని పేరు నవగ్రహ కిండి. దానికి ఎదురుగా వెలుపలి గోడలో కనకన కిండి. 16వ శతాబ్దపు భక్తకవి కనకదాసును లోపలికి రానివ్వకపోతే ఆయన గుడి వెనక నిలబడి పాడాడనీ, గోడ పగిలి కృష్ణుడు ఇటు తిరిగి దర్శనమిచ్చాడనీ ఐతిహ్యం. ఆ కథను శ్రద్ధగా చదవండి. కనకదాసును లోపలికి తీసుకుపోయినట్టు కథ చెప్పదు. కాలు ఆగిన చోటే ఆగింది, కంటికి దారి దొరికింది. గోడ కటాంజనమయింది. అదే ఆ కథలోని ఊరట, అదే ఆ కథలోని నొప్పి కూడా. తిరుమలలో గర్భగుడి గడపకు ‘కులశేఖరపడి’ అని పేరు. స్వామి గుడి వాకిట మెట్టుగా పడి ఉండి ఆయన మోము చూస్తూ ఉండాలని కులశేఖరాళ్వారు కోరుకున్నాడట. లోపలికి పోవాలని కాదు, హద్దుగా మారాలని. హద్దు దగ్గర ఉన్నవాడికే బాగా కనబడుతుందని ఆయనకు తెలుసు.

అయితే హద్దును ఇలా పొగిడి ఊరుకుంటే అది అబద్ధమవుతుంది. హద్దు ఎవరి మధ్య గీశారన్నదే ప్రశ్న. తమిళనాట వడక్కన్‌కుళంలో 1872లో కట్టిన చర్చికి రెండు నావలు, ప్యాంటు కాళ్ళలాగా రెండు వైపులకు చీలి ఉంటాయి. ఒక కులంవాళ్ళకు ఒక కాలు, మిగిలినవాళ్ళకు ఒక కాలు. రెండు వైపులవాళ్ళకూ బలిపీఠం కనబడుతుంది, ఒకరికొకరు కనబడరు. మధ్య గోడను 1910లో తీసేసేదాకా అంతే. ఛాన్సెల్ కటాంజనం దేవుడికీ మనిషికీ మధ్యది, పైగా అది చూడనిస్తుంది. ఈ గోడ మనిషికీ మనిషికీ మధ్యది, చూడనివ్వదు. ‘గర్భగుడి’ అన్న అనువాదంతో నా పేచీకి మూలం ఇక్కడ ఉంది. జాలీకీ గోడకూ తేడా చెప్పలేని అనువాదం, పవిత్రతకూ వెలివేతకూ తేడా చెప్పలేకపోతుంది.

ఇప్పుడు సాహిత్యానికి వస్తాను. టి.ఎస్. ఎలియట్ ‘మర్డర్ ఇన్ ది కెథెడ్రల్’ నాటకం 1935 జూన్‌లో కాంటర్బరీ కెథెడ్రల్ ఆవరణలోనే తొలిసారి ఆడారు. అంతకు పూర్వం 1917 నుంచి 1925 దాకా ఎలియట్ లండన్‌లో లాయిడ్స్ బ్యాంకు ఉద్యోగి. మా వృత్తివాడన్న పక్షపాతం నాకు ఉంటే పాఠకులు మన్నించాలి. నాటక కథ చరిత్రే. థామస్ బెకెట్ 1155లో రెండవ హెన్రీ రాజుకు ఛాన్సలరయ్యాడు. 1162లో రాజే ఆయన్ను ఆర్చిబిషప్పును చేశాడు. బెకెట్ ఛాన్సలరు పదవి వదిలేశాడు. వైరం పెరిగింది. 1170 డిసెంబరు 29న రాజుగారి యోధులు నలుగురు వచ్చి ఆయన్ను కెథెడ్రల్‌లోనే నరికారు.

నాటకంలో బెకెట్‌ను నలుగురు ప్రలోభపెడతారు. రెండవ ప్రలోభకుడి మాట, వదిలేసిన ఛాన్సలరు పదవిని మళ్ళీ తీసుకొమ్మని. చంపినవాళ్ళు చివర్లో ప్రేక్షకుల వైపు తిరిగి తమను సమర్థించుకుంటూ చెప్పేదీ ఆ సంగతే. రెండు పదవులూ ఒక్కడే చేసి ఉంటే రాజ్యం చక్కగా సాగేదంటారు. ఇక్కడ ఛాన్సలరును ‘మహామంత్రి’ అని అనువదిస్తే కథ నడుస్తుంది. కానీ అడుగున ఉన్న పోలిక పోతుంది. ఛాన్సలరు న్యాయస్థానపు కటాంజనం దగ్గర పుట్టినవాడు. ఆర్చిబిషప్పు పని చేసేది చర్చి కటాంజనం లోపల. ఒక కటాంజనాన్ని వదిలి మరో కటాంజనంలోకి పోయిన మనిషి కథ ఇది. రెంటినీ ఒకటి చేయమనడమే ఆ ప్రలోభం. ఎలియట్ ఈ పదాల పుట్టుకను మనసులో పెట్టుకుని రాశాడని నేను అనను. భాషలోనే ఆ పోలిక ఉంది, నాటకం దాని మీద నిలబడింది.

ఇంకా ముఖ్యమైనది తలుపు ఘట్టం. యోధులు వస్తున్నారని గురువులు తలుపులకు అడ్డగడియలు పెడతారు. బెకెట్ వాటిని తీయమంటాడు. గుడిని కోటను చేయవద్దు, శత్రువుకైనా సరే తెరిచి ఉండాలి అన్నది ఆయన పట్టుదల. గుడి అంటే లోపల దాచేది, మూసేది అని తెలుగు పాఠకుడికి ‘గర్భగుడి’ ముందే చెప్పి ఉంటే, ఈ ఘట్టంలో బెకెట్ మొండివాడుగానో, చావు కోరుకున్నవాడుగానో కనబడతాడు. కటాంజనం సంగతి తెలిసినవాడికి ఆయన మాట న్యాయంగా వినబడుతుంది. గుడిలో హద్దు ఉంది, కాని ఆ హద్దు కవచం కాదు. దాన్ని కోటగోడగా మార్చిన రోజున అది గుడి కాకుండా పోతుంది.

నాటకంలో మొదటి నుంచీ ఉన్నవాళ్ళు కాంటర్బరీ ఆడవాళ్ళు, పేదవాళ్ళు. కెథెడ్రల్ దగ్గరికి ఎందుకు వచ్చామో తమకే తెలియక వచ్చి నిలబడతారు. జరగబోయేదాన్ని ఆపలేరు. అక్కణ్ణుంచి పోలేరు. చూడక తప్పదు. విమర్శకులు ఈ బృందాన్ని గ్రీకు నాటకంలోని కోరస్‌తో పోలుస్తారు. అది సరైనదే. నాకు మాత్రం వాళ్ళు తడకకు పెట్టిన కంతల దగ్గర మోకరిల్లిన ఊరి జనం లాగా కనబడతారు. కాలు కదలదు, కన్ను మూతపడదు. నాటకంలోని బరువంతా ఆ చూపు మీదే ఉంది. బెకెట్ నిర్ణయం కంటె, హంతకుల వాదం కంటె, చూసినవాళ్ళ మీద పడిన భారమే మనకు చివరికి మిగులుతుంది.

మరి ఛాన్సెల్‌కు తెలుగు ఏమిటని అడిగితే, కొత్త పదం పుట్టించాలన్న తాపత్రయం నాకు లేదు. సందర్భాన్ని బట్టి ‘కటాంజనం అవతలి చోటు’ అనో, ‘కటాంజనం లోపలి బలిపీఠం’ అనో మొదటిసారి చెప్పి, ఆపైన ఛాన్సెల్ అనే ఉంచడం మేలు. చర్చి అన్న మాటను అలాగే ఉంచుకున్నాం, నష్టం రాలేదు. అయితే మన పత్రిక పాఠకులకు ఒక సదుపాయం ఉంది. మన చుట్టూ వేరే భాషలు ఉన్నాయి. తమిళ క్రైస్తవులు చర్చిని ‘కోయిల్’ అంటారు. రాజు ఇల్లు అని ఆ మాటకు మూలార్థం, మన కోవెల దాని చెల్లెలే. కన్నడంలో ‘ఇగర్జి’ అంటారు. అది పోర్చుగీసు నుంచి వచ్చింది, దాని మూలం సభ అనే అర్థమున్న గ్రీకు మాట. ఒకటి ఇంటి పేరు, ఒకటి మనుషుల గుంపు పేరు. ఇంత తేడా ఉన్న మాటలు పక్కపక్క వీధుల్లో వినబడే చోట ఉంటున్నాం మనం.

బరంపురంలో, షోలాపూరులో, యానాంలో, హోసూరు పల్లెల్లో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఆ బలిపీఠం ఉన్న భాగాన్ని ఇంట్లో ఏ మాటతో పిలుస్తారో తెలిసిన పాఠకులు రాయాలని కోరుతున్నాను. పెద్దవాళ్ళు వాడే మాట, పిల్లలు వాడే మాట వేరైతే రెండూ రాయండి. పండితులు అక్కరలేదు. ఆదివారం అక్కడ నేల తుడిచే అమ్మ ఏ మాట అంటుందో అదే కావాలి. అందులో అడ్డూ చూపూ రెండూ ఉన్న మాట ఒక్కటి దొరికినా మన అనువాదకులకు ఎంతో మేలు జరుగుతుంది.